కోవిడ్ తగ్గాక షుగర్ ఉన్నవాళ్ల కన్ను ఇంట్లో ఎలా పరీక్షించాలి?

షుగర్ ఉండి, కోవిడ్‌కి స్టెరాయిడ్లు వాడినవాళ్లను బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టింది. అది ముక్కులో మొదలై సైనస్‌ల (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల) మీదుగా కంటికి, అక్కడి నుంచి మెదడుకి పాకుతుంది. డిశ్చార్జయ్యాక కొన్ని వారాలు రోజూ కన్ను చూడాలి.

టార్చి, పెన్ను, గోడ క్యాలెండర్, షుగర్ మిషన్ చాలు. పొద్దున్నే, కాఫీకి ముందు, వసారాలో చూడండి. ట్యూబ్‌లైటు కింద వద్దు.

ముందు షుగర్ రాసుకోండి. ముఖం రెండు వైపులా పోల్చండి: ఒక బుగ్గ వాపు, తిమ్మిరి, రెప్ప వాలడం, కనుగుడ్డు ముందుకు రావడం. ముక్కులోంచి నల్లగా గానీ రక్తంతో గానీ కారుతోందా? అంగిట్లో నల్లమచ్చ ఉందా? టార్చి వేసి చూడండి.

ఇక అందరూ పాడుచేసే పని: చూపు పరీక్ష. రెండు కళ్లూ తెరిపించి "కనిపిస్తోందా?" అంటారు. కనిపిస్తుంది మరి, మంచి కన్ను చదివేస్తుంది! ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి రక్తాన్ని ఆపేస్తుంది. నొప్పి లేకుండానే ఒక కంటి చూపు పోవచ్చు. అందుకే ఒక్కో కన్నే చూడాలి. అరచేతిని దొప్పలా చేసి రెండో కంటిని మూయండి. కన్ను నొక్కొద్దు, వేళ్ల సందు ఉండొద్దు. కళ్లద్దాలుంటే తియ్యొద్దు. రోజూ ఒకే చోట నిలబెట్టండి. ఇవాళ్టి తేదీ చదివించకండి, అది వాళ్లకి ముందే తెలుసు. వేరే నెల పేజీ తిప్పి పండగ పేరు చదివించండి. ఒడిశాలో ఉంటే ఒడియా క్యాలెండరైనా పర్వాలేదు, అంకెలు చదివించండి. ఫోన్‌లో చదివించడం నాకు నచ్చదు. అక్షరాలు వేలితో పెద్దవి చేసుకుంటారు.

తర్వాత రెండు కళ్లూ తెరిపించి, తల కదలకుండా గడ్డం పట్టుకుని, పెన్నును నాలుగు వైపులా నెమ్మదిగా తిప్పండి. ఒక కన్ను ఆగిపోయినా, పెన్ను రెండుగా కనిపించినా అదే రోజు బయల్దేరాలి. వాపు, తిమ్మిరి, నల్లమచ్చ, చూపు మసక, వీటిలో ఏది కొత్తగా వచ్చినా అంతే. కళ్లకలకేలే అని మందుల షాపు చుక్కలు, ఆముదం వేసి రెండ్రోజులు చూద్దామంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈఎన్‌టీ, కంటి డాక్టర్లు ఇద్దరూ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లండి. ఒడిశాలో పర్లాకిమిడి వైపువాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, రాయగడవాళ్లకి రైలెక్కితే వైజాగ్ కేజీహెచ్. బరంపురంలో తెలుగుతో గడిచిపోతుంది. అక్కడ ముక్కులోంచి శాంపిల్ తీసి, స్కాన్ చేస్తారు. ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్‌తో కిడ్నీలు దెబ్బతినొచ్చు, పొటాషియం పడిపోవచ్చు కాబట్టి తరచూ రక్తం తీస్తారు, విసుక్కోకండి. చచ్చిన కండని ఆపరేషన్‌తో తీసేయాల్సి రావచ్చు.

స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరే ఆపకండి. ఆ చీటీ, డిశ్చార్జి కాగితం, షుగర్ రాసిన పుస్తకం సంచిలో పెట్టుకోండి. అంటుకునే జబ్బు కాదు, తోడు వెళ్లడానికి భయం అక్కర్లేదు.