పేరు చూసి కాదు, తేదీలు చూసి ఎంచుకోండి

పాత దండయాత్రల్ని బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట మాది. అందులో నేను మొదట బల్ల మీదికి తెచ్చింది 1812లో నెపోలియన్ రష్యా దండయాత్ర. ఎంచుకున్నానని అనలేను, మోజు పడ్డానంతే. జూన్ 24న నీమన్ నది దాటడం మొదలుపెట్టిన సైన్యం మాస్కో చేరింది సెప్టెంబరు 14న. మధ్యలో స్మోలెన్‌స్క్, బొరొదినో లాంటి నాలుగైదు చోట్ల తప్ప అంతా నడకే, ఆకలే. నలుగురం ఆరు ఆదివారాలు కూర్చుని రొట్టెలూ బండ్లూ లెక్కపెట్టాం. నేను రంగులేసిన అశ్వికుల బొమ్మలు పెట్టె దాటి రాలేదు.

అందుకే ఇప్పుడు ముందు తేదీలు చూస్తాను. 1815 వాటర్లూ దండయాత్ర జూన్ 15 నుంచి 18 వరకు, నాలుగు రోజులు. బెల్జియంలో షార్లెరువా నుంచి బ్రస్సెల్స్ దాకా ఒకే మ్యాపులో పడుతుంది.

తర్వాత చూడాల్సింది, ఓడినవాడికి ఆట మిగులుతుందా అని. 16న లీన్యీలో నెపోలియన్ చేతిలో ప్రష్యన్లు ఓడారు, కానీ చెదిరిపోలేదు. వావ్ర్ వైపు తగ్గి, 18న వాటర్లూకి వచ్చిపడ్డారు. అదే 16న ఫ్రెంచి సేనాని దెర్లోన్ దళం, దాదాపు 20,000 మంది, లీన్యీకీ, ఆ రోజే మరో పోరు జరిగిన కాత్ర్‌బ్రాకీ మధ్య అటూ ఇటూ నడిచి రెండు చోట్లా పోరాడకుండానే పొద్దు గడిపింది. ఆ దళాన్ని ఎటు పంపాలో మీ ఆటగాడే తేల్చుకోవాలి. ఇలాంటి చిక్కుముడి ఒక్కటైనా లేని దండయాత్ర జోలికి నేను పోను.

బొమ్మల లెక్క కూడా ముందే వేసుకోండి. వాటర్లూలో ఫ్రెంచివాళ్లే 70,000 పైచిలుకు. బొమ్మకు 50 మంది చొప్పున వేసినా 1,400 బొమ్మలు. 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలైతే అన్నిటికీ రంగులెయ్యడం నా వల్ల కాదు, 6 మిల్లీమీటర్లయితే సరే. లేదా కాత్ర్‌బ్రా ఒక్కటే ఆడండి. అక్కడ బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పక్షం సుమారు 8,000 మందితో మొదలై, సాయం విడతలుగా అందుకుంది.

అసలు తలనొప్పి చరిత్ర తెలిసిన ఆటగాడితో. 1805లో ఆస్ట్రియా సేనాని మాక్ ఉల్మ్‌లో నెపోలియన్‌కు చిక్కి లొంగిపోయాడు. అది ఆడిస్తే, మాక్ పాత్రధారి మొదటి రోజే ఉల్మ్ ఖాళీ చేసి వెళ్లిపోతాడు! అందుకని ఊర్ల పేర్లు మార్చి, మ్యాపును తలకిందులు చేసి ఇస్తాను. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని జాక్సన్ పోరాడిన 1862 షెనాండోవా లోయను అలాగే ఇచ్చాను. రెండో వారం మా వాడొకడు మధ్యలోని పొడవాటి కొండను వేలితో తడిమి, "ఇది మసనటన్ కదూ, నేను జాక్సన్‌నా?" అన్నాడు. అప్పటికే వాడి సైన్యం కొండకు తప్పు పక్కన ఉంది.