పాత డెస్క్‌టాప్‌కు ర్యామ్ కొనే ముందు

ర్యామ్ కొనడానికి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు బయలుదేరే ముందు ఇంట్లోనే ముగించుకోవలసిన పని ఒకటి ఉంది: కరెంటు తీగ పీకేసి, క్యాబినెట్ మూత తెరిచి, మదర్‌బోర్డు మీద అచ్చు వేసిన మోడల్ పేరును, దాని పక్కన చిన్న అక్షరాలలో ఉండే రివిజన్ సంఖ్యతో సహా, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోవడం. కంప్యూటరు కంపెనీ పేరు మాత్రమే చెబితే దుకాణదారు ఊహించి ఇస్తాడు, బోర్డు పేరు చెబితే తేల్చి ఇస్తాడు. ఆ పేరుతో తయారీదారు సైట్‌లో వెదికితే ఏ తరం ర్యామ్ పడుతుందో, ఒక్కో స్లాటుకు ఎంత, మొత్తం మీద ఎంత వరకు పెట్టవచ్చో తెలుస్తుంది.

డీడీఆర్2, డీడీఆర్3 లాంటి పేర్లతో పిలిచే ఈ తరం విషయంలో పొరపాటు జరిగే అవకాశం తక్కువ. డీడీఆర్2కూ డీడీఆర్3కీ పిన్నులు 240 చొప్పునే ఉన్నా, మధ్యనున్న గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకటి మరొకదాని స్లాటులో దిగదు. డీడీఆర్4కు పిన్నులే 288. దిగనిదాన్ని బలంగా నొక్కకపోతే చాలు. చిన్న పెట్టెలలోనూ, మానిటరులోనే అన్నీ ఇమిడ్చిన యంత్రాలలోనూ తరచుగా ల్యాప్‌టాప్ ర్యామ్ వాడతారు కాబట్టి, వాటి విషయంలో పొడవు కూడా చూసుకోవాలి.

అసలు చిక్కు స్లాటులో చక్కగా దిగి కూడా పని చేయని ర్యామ్‌తోనే వస్తుంది. మా మేనమామగారు పెరంబూరులోని తమ కొట్టు లెక్కల కోసం వాడే యంత్రంలో ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపి నడిపించే చిప్‌ల జత) ఉన్న బోర్డు ఉంది. డీడీఆర్3 అని చూసుకుని, 4 జీబీ ర్యామ్ ఒకటి కొని తీసుకెళ్లాను. పెట్టి స్విచ్ వేస్తే బీప్ శబ్దాలే తప్ప తెర వెలగలేదు. ర్యామ్ చెడిపోయిందని తిరిగి పట్టుకెళితే దుకాణంలోని వేరొక బోర్డులో అది చక్కగా నడిచింది, నేను తెల్లమొహం వేశాను. కారణం ఏమిటంటే, ఆ పాత చిప్‌సెట్ ఒక్కో మెమరీ చిప్‌లో 2 గిగాబిట్ల వరకే గుర్తించగలదు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 4 జీబీ అంటే 32 గిగాబిట్లు, కనుక అలాంటి బోర్డుకు రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్న ర్యామ్ కావాలి. నేను కొన్నది తరువాతి కాలంలో తయారైన, 4 గిగాబిట్ల చిప్‌లు ఎనిమిదింటితో కూర్చినది. అందువల్ల జీ41 బోర్డు ఉన్నవారు లేబుల్ మీది అంకెతో సరిపెట్టుకోకుండా, ర్యామ్‌ను రెండు వైపులా తిప్పి చిప్‌లు లెక్కపెట్టి మరీ కొనాలి. చవకగా అమ్మే కొన్ని ర్యామ్‌ల మీద 'ఏఎండీకి మాత్రమే' అని ఉంటుంది, వాటిని ఇంటెల్ బోర్డుకు కొనకూడదు. సర్వర్ల నుంచి తీసి అమ్మే రిజిస్టర్డ్ ర్యామ్ ధర ఎంత ఊరించినా మామూలు డెస్క్‌టాప్‌లో పని చేయదు.

వేగం గురించి అంత బెంగ అక్కరలేదు. వేగాన్ని తెలిపే 1333, 1600 అంకెలున్న రకాలు కలిపి పెడితే సాధారణంగా రెండూ వాటిలో తక్కువదాని వేగంతోనే నడుస్తాయి. లేబుల్ మీద పీసీ3-12800 అని ఉంటే దాన్ని ఎనిమిదితో భాగించాలి, 1600 వస్తుంది. ఉన్న ర్యామ్ వివరాలు సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో చూసేవారు, అందులో ఫ్రీక్వెన్సీ సగమే కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. 665 ప్రాంతంలో చూపిస్తే అది 1333 రకమే, మోసం కాదు.

వోల్టేజీని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టులతో, డీడీఆర్3ఎల్ నడిచేది 1.35 వోల్టులతో. రెండోది 1.5 వోల్టులకు కూడా తట్టుకునేలా తయారైనదే కాబట్టి పాత డీడీఆర్3 బోర్డులో సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయితే ఆరో తరం ఇంటెల్ ప్రాసెసరుతో వచ్చి, డీడీఆర్3ఎల్ మాత్రమే అడిగే బోర్డులో 1.5 వోల్టుల ర్యామ్ పెట్టడం ప్రాసెసరుకే హానికరం.

ఎంత కొనాలన్నది బోర్డుతో పాటు విండోస్ మీద కూడా ఆధారపడుతుంది. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ దాటి పెట్టిన డబ్బు వృథా. విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 64 బిట్‌లో కూడా 8 జీబీ దగ్గరే ఆగిపోతుంది. ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ ఉన్న బోర్డులలో సాధారణంగా ఉండే రెండు స్లాట్లకు కలిపి పరిమితి 16 జీబీ కనుక, 16 జీబీ ర్యామ్ ఒక్కటే కొని పెడదామనుకోవడం కుదరదు. 8 జీబీవి రెండు తీసుకోవాలి. జతగా పెడితే రెండు ర్యామ్‌లతోనూ ఒకేసారి పని జరిగే డ్యుయల్ ఛానల్ ప్రయోజనం కూడా దక్కుతుంది.

కొట్టుకు వెళ్లేటప్పుడు పాత ర్యామ్‌ను వెంట తీసుకెళ్లి, బోర్డుకు సరిపడకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోవడం మంచిది, నోటి మాట రెండో రోజుకు నిలవకపోవచ్చు. చెన్నై సముద్రపు గాలికి పాత ర్యామ్ పిన్నుల మీద మసక పట్టి ఉంటే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా తుడిచాకే స్లాటులో పెట్టాలి. రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడ్డాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, కనీసం ఒక చుట్టు పూర్తయ్యే వరకు ఆగాలి. తప్పులు కనిపిస్తే ఒక్కో ర్యామ్‌ను విడిగా, ఒక్కో స్లాటులో మార్చి మార్చి పెట్టి పరీక్షిస్తే లోపం ర్యామ్‌లో ఉందో స్లాటులో ఉందో తేలిపోతుంది.