డాబర్‌మాన్ పిల్ల తెచ్చారా? ముందు చెవుల సంగతి వినండి

బెజవాడలో డాబర్‌మాన్ పిల్లను తెచ్చుకుంటే ఎవరో ఒకరు చెప్పే మొదటి సలహా "చెవులు కోయించెయ్, పోలీసు కుక్కలా నిలబడతాయి" అని. వద్దండీ. అది వైద్యం కాదు, ఉత్త షోకు, పైగా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. వేలాడే చెవులను వారానికోసారి చూసి తుడిస్తే చాలు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ వేరే సంగతి. పెద్ద జాతి కాబట్టి ఎముకలు ఎదిగేదాకా, అంటే ఏడాదిన్నర రెండేళ్ల దాకా ఆగడం మంచిది, ఆడదైతే అసలు చేయించకుండా వదిలేస్తే మాత్రం గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఉంది. ఈ జాతిలో రక్తం త్వరగా గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ జబ్బు ఎక్కువ, గుండె జబ్బూ ఎక్కువే, అందుకే ఆపరేషన్‌కి ముందే రక్తపరీక్ష, గుండె స్కాన్ గురించి డాక్టర్‌ని మీరే అడగండి. మే నెల ఎండల్లో మాత్రం పెట్టుకోకండి, కుట్లు మానేలోపు మీకూ దానికీ నరకమే.