విశాఖ నుంచి సింగపూర్‌కు విమానం ఎంతసేపు? ఇంట్లోనే లెక్క వేసుకోవడం ఎలా?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ పనికి వెళ్లేవాళ్లు చాలామంది. విమానం ఎక్కాక ఫోన్ కలవదు, ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్. ఎన్ని గంటలకు దిగుతారో సరిగ్గా తెలిస్తే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. అందుకే ఈ లెక్క ఇంట్లో ఒక్కరికైనా రావాలి.

ముందు దూరం చూద్దాం. గూగుల్ మ్యాప్స్‌లో విశాఖ విమానాశ్రయం మీద వేలు నొక్కి పట్టుకోండి. ఒక గుర్తు పడుతుంది. కింద వచ్చే వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ నొక్కి, మ్యాపును సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం దాకా జరపండి. సుమారు 2,900 కి.మీ. చూపిస్తుంది.

కాగితం మీద చేయాలంటే పదో తరగతి లెక్కలు చాలు. పిల్లల చేత చేయించండి, వాళ్లకీ సరదాగా ఉంటుంది. విశాఖ అక్షాంశం 17.7, రేఖాంశం 83.2. చాంగీవి 1.4, 104. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కి.మీ. కాబట్టి అక్షాంశాల తేడా 16.3ని 111తో గుణిస్తే 1,809 కి.మీ. రేఖాంశాల తేడా 20.8ని కూడా 111తో గుణించి, రెండు అక్షాంశాల సగటుకు వచ్చే కొసైన్ 0.986తో మళ్లీ గుణిస్తే 2,276. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలనుకుంటే కర్ణం సుమారు 2,907 కి.మీ. ఫోన్ చూపించిందీ అంతే!

ఇక సమయం. జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 నుంచి 900 కి.మీ. వేగంతో పోతుంది. 2,900ని 850తో భాగిస్తే దాదాపు 3 గంటల 25 నిమిషాలు. విమానం రన్‌వే దాకా మెల్లగా వెళ్లడానికీ, పైకి లేవడానికీ, దిగడానికీ ఇంకో అరగంట వేసుకోండి. నేరుగా వెళ్లే విమానమైతే మొత్తం 4 గంటలు. గాలి ఎదురైతే కొంచెం పెరుగుతుంది.

అసలు తికమక గడియారం దగ్గరే. టికెట్ మీద బయలుదేరే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11కి బయలుదేరితే టికెట్ మీద తెల్లవారి 5.30 అని ఉంటుంది. ఆరున్నర గంటల ప్రయాణం అనుకోకండి, మన గడియారంలో అప్పుడు 3 గంటలే. తిరుగు ప్రయాణంలో ఇదే తేడా తగ్గి, గంటన్నరలో వచ్చేసినట్టు కనిపిస్తుంది. దుబాయ్, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక, కువైట్, ఖతార్, సౌదీ రెండున్నర గంటలు వెనక. మధ్యలో విమానం మారితే అక్కడ ఆగే సమయాన్ని విడిగా కలపాలి.

దిగిన వెంటనే ఫోన్ రాలేదని కంగారు పడొద్దు. ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి గంట పట్టవచ్చు. ఇక్కడ బయలుదేరేటప్పుడు మాత్రం తొందరపడాల్సిందే. విదేశీ విమానానికి మూడు గంటలు ముందే చేరాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం సుమారు 110 కి.మీ. కాబట్టి రాత్రి 11 విమానానికి సాయంత్రం 5 లోపే కారెక్కండి.