ఇంట్లో బ్లాస్టింగ్ క్యాబినెట్: ఏ పార్టుకి ఏ గ్రిట్ పోయాలి

పాత బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్ బళ్లు బాగుచేసుకునేవాళ్లు చాలామంది ఇంటి షెడ్డులోనే చిన్న బ్లాస్టింగ్ క్యాబినెట్ పెట్టుకుంటున్నారు. గాలి ఒత్తిడితో సన్న గింజలు కొట్టి తుప్పు, పాత పెయింట్ వదిలించే మూసిన పెట్టె అది, ఆ గింజల్నే గ్రిట్ అంటారు. క్యాబినెట్ వచ్చాక మొదటి సందేహం ఒక్కటే, లోపల ఏం పోయాలి? దానికంటే ముందు ఏం పోయకూడదో చెప్పాలి. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకని జల్లించి, ఎండబెట్టి పోసేద్దామనే ఆలోచన ఉంటే ఇక్కడే మానేయండి. పేరే శాండ్ బ్లాస్టింగ్ కదా, ఇసుక వాడితే తప్పేంటి అని అడుగుతారు. తప్పే, అదీ ప్రాణం మీదకొచ్చే తప్పు.

ఏటి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్, అంటే స్ఫటిక రూపంలో ఉన్న సిలికా. అది ఇనుముకి తగిలి పగిలినప్పుడు కంటికి కనబడనంత సన్న దుమ్ము పుడుతుంది, ఊపిరితిత్తుల అట్టడుగుకి పోయి అక్కడే ఉండిపోతుంది, మెల్లగా సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. బ్రిటన్ 1949 నాటి నిబంధనల్లోనే కాస్టింగ్‌ల (పోతపోసిన లోహపు సామాను) బ్లాస్టింగ్‌కి ఇసుక వాడొద్దని చెప్పింది. టర్కీలో జీన్స్ పాంట్లు వెలిసినట్టు కనబడాలని ఇసుకతో బ్లాస్ట్ చేసిన కుర్రాళ్లు సిలికోసిస్‌తో చనిపోయాక, 2009లో ఆ పని మీద అక్కడ నిషేధం వచ్చింది. క్యాబినెట్ మూసే ఉంటుంది కదా అనుకోకండి. తలుపు తీసినప్పుడు, గ్లోవ్స్ దగ్గర సీలు వదులైనప్పుడు, డస్ట్ కలెక్టర్ సంచి దులిపినప్పుడు ఆ దుమ్ము మీ ముక్కులోకే వస్తుంది, మీ ఇంట్లోనే తిరుగుతుంది.

సరే, ఇక ఎంపిక. చేతిలో ఉన్న పార్టు చూసి, బ్లాస్టింగ్ అయ్యాక దీనికి ఏం చేయబోతున్నాను అని మిమ్మల్ని మీరే అడగండి. పెయింటో పౌడర్ కోటింగో వేస్తారా, లేక లోహం అలాగే కనబడాలా? సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. పెయింట్ పట్టాలంటే ఉపరితలం సన్నగా గరుకుగా ఉండాలి, దానికి కోణాలున్న గ్రిట్ కావాలి. లోహమే మెరవాలంటే గుండ్రటివి కావాలి.

ఛాసిస్ బ్రాకెట్లు, స్టాండు, బ్రేక్ పెడల్, స్వింగ్ ఆర్మ్ లాంటి తుప్పు పట్టిన ఇనప సామానుకి నేను చెప్పేది గార్నెట్. గట్టిదనం మోస్ స్కేలు (ఖనిజాలకి 1 నుంచి 10 దాకా ఉండే కొలత) మీద 7 నుంచి 7.5 దాకా ఉంటుంది, ఇసుకకంటే బరువు, కొడితే తుప్పు నిలవదు. గార్నెట్ కూడా సముద్రపు ఒడ్డున దొరికే ఖనిజమే, మన శ్రీకాకుళం వైపు తీరపు ఇసుకలోనూ ఉంది. కానీ శుభ్రం చేసి అమ్మే గార్నెట్‌లో విడి సిలికా చాలా తక్కువ, మంచి సరుకులో ఒక శాతం లోపే ఉంటుంది. కొనేటప్పుడు ఆ టెస్ట్ షీట్ అడగండి, ఇవ్వలేని దగ్గర కొనకండి.

రెండోది అల్యూమినియం ఆక్సైడ్, అమ్మేవాళ్ల భాషలో బ్రౌన్ ఫ్యూజ్డ్ అల్యూమినా. గట్టిదనం 9. మొండి తుప్పు, పాత పౌడర్ కోటింగ్ దీనికి లొంగుతాయి, పౌడర్ కోటింగ్‌కి ముందు కావలసిన గరుకు చక్కగా వస్తుంది, జల్లించుకుంటూ చాలాసార్లు వాడొచ్చు. గార్నెట్ కంటే ఖరీదు ఎక్కువ, పైగా నాజిల్‌ని (గ్రిట్ బయటికొచ్చే గన్ మూతిని), క్యాబినెట్ అద్దాన్ని కూడా తినేస్తుంది. సిరామిక్ నాజిల్ దీని ముందు ఎక్కువ రోజులు ఆగదు. రోజూ అల్యూమినా వాడేటట్టయితే బోరాన్ కార్బైడ్ నాజిల్ మీద డబ్బు పెట్టండి, అద్దానికి లోపల పల్చటి ఫిల్మ్ అంటించి మసకబారినప్పుడల్లా మార్చుకోండి.

సైజు విషయంలో చాలామంది బోల్తా పడతారు. మెష్ (గింజ సైజు చెప్పే జల్లెడ కన్నాల లెక్క) నంబరు పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది: 60 మెష్ అంటే సుమారు 250 మైక్రాన్లు, 80 అంటే 180, 120 అంటే 125. పెద్ద గింజ అయితే పని త్వరగా అవుతుందనుకుంటాం గానీ ఇంటి కంప్రెసర్‌తో అలా జరగదు, ఎందుకంటే పెద్ద గింజని వేగంగా తోయడానికి కావలసినంత గాలి దాని దగ్గర ఉండదు. సైఫన్ క్యాబినెట్ (గాలి వేగంతోనే గ్రిట్‌ని గన్‌లోకి లాక్కునేది) సరిగ్గా పనిచేయాలంటే 80-90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర కనీసం 10 నుంచి 15 సీఎఫ్ఎం (నిమిషానికి వచ్చే గాలి, ఘనపుటడుగుల్లో) కావాలి, మన 2 హెచ్‌పీ కంప్రెసర్ నిజంగా ఇచ్చేది అందులో సగం చుట్టూ ఉంటుంది (ప్లేటు మీద రాసిన అంకె పిస్టన్ తోసే గాలిది, బయటికొచ్చేది ఎప్పుడూ అంతకన్నా తక్కువే). అందుకని చిన్న కంప్రెసర్ ఉన్నవాళ్లు 80 నుంచి 120 మెష్ మధ్యలోనే ఉండండి. గింజలు సన్నగా ఉంటే సెకనుకి ఎక్కువ దెబ్బలు పడతాయి, పైపైన ఉన్న తుప్పు ఇంకా త్వరగానే పోతుంది. గన్ లోపలి ఎయిర్ జెట్ కూడా చూసుకుంటూ ఉండండి. 3 మి.మీ. రంధ్రం అరిగి 4 మి.మీ. అయితే గాలి ఖర్చు దాదాపు 78 శాతం పెరుగుతుంది, మీరేమో గ్రిట్ బాగాలేదని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఇక గ్లాస్ బీడ్స్, అంటే సన్నటి గాజుపూసలు. కార్బురేటర్ బాడీ, క్రాంక్ కేసు కవర్లు, అల్యూమినియం హబ్ లాంటివాటికి వీటిని మించినది లేదు. గుండ్రంగా ఉంటాయి కాబట్టి లోహాన్ని కోయవు, తట్టి నునుపు చేస్తాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మెత్తటి మెరుపు వస్తుంది. ఒత్తిడి 40 నుంచి 60 పీఎస్ఐ మధ్య చాలు. అంతకన్నా పెంచితే పూసలు పగిలి దుమ్మవుతాయి, పగిలిన ముక్కలు గీరుతాయి, మెరుపు పోతుంది. గన్‌ని నిటారుగా కాకుండా ఏటవాలుగా, జానెడు దూరంలో పట్టుకోండి. మందపాటి తుప్పుని బీడ్స్‌తో తీయాలని చూస్తే గంటలు గడుస్తాయి, తుప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అక్రోటు తొక్కల పొడి మెత్తనిది, వాల్వుల మీది కార్బన్ వదిలించడానికి బాగుంటుంది, లోహాన్ని ముట్టుకోదు, తుప్పుకి పనికిరాదు. స్టీల్ గ్రిట్ జోలికి వెళ్లకండి. సైఫన్ గన్ ఆ బరువుని లాగలేదు, గాలిలో తేమ ఉంటే అదే తుప్పు పడుతుంది, అల్యూమినియం మీద కొడితే ఇనుము రేణువులు అందులో దిగి తర్వాత ఎర్రటి మచ్చలు తేలతాయి. కాపర్ స్లాగ్ (రాగి తీయగా మిగిలే చిట్టెం) చవకే గానీ ఒకసారికే పొడైపోతుంది, అందులో భారలోహాలు కూడా ఉండొచ్చు, ఇంటికి వద్దు.

ఏది పోసినా పార్టుని ముందు డీజిల్‌తోనో డీగ్రీజర్‌తోనో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. గ్రీజు అంటిన పార్టు ఒక్కటి లోపలికెళ్తే గ్రిట్ అంతా ఉండకడుతుంది. బేరింగ్ సీట్లకి, మరలకి రబ్బరు బిరడాలు, మందపాటి టేపు వేయండి. సిలిండర్ బోర్‌ని అసలు బ్లాస్ట్ చేయకండి. ఇంజిన్ పార్టుల్లో ఆయిల్ దారులుంటే అందులో ఇరుక్కున్న ఒక్క గాజుపూస చాలు, బేరింగ్ పోతుంది. వేడి సబ్బునీళ్లు, సన్న బ్రష్, తర్వాత గాలి, మళ్లీ నీళ్లు, ఇలా ఏమీ రాలనంత వరకు చేయాల్సిందే. పెట్రోల్ ట్యాంకు, మడ్‌గార్డ్ లాంటి పల్చటి రేకు మీద ఒత్తిడి బాగా తగ్గించి, ఒకేచోట ఆపకుండా గన్ కదుపుతూ ఉండండి, లేకపోతే రేకు వంకరపోతుంది. క్యాడ్మియం పూత ఉన్న బోల్టులు లోపల పెట్టకండి, ఆ దుమ్ము విషం. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత గేటో కిటికీ ఊచలో బ్లాస్ట్ చేసేటప్పుడు ఆ పెయింట్లో సీసం ఉందనే అనుకుని జాగ్రత్తపడండి. గుడ్డ మాస్కు సరిపోదు, పీ100 ఫిల్టర్లున్న (సన్న దుమ్ముని ఆపేవి) హాఫ్ ఫేస్ మాస్కు పెట్టుకోండి, గన్ ఆపాక డస్ట్ కలెక్టర్‌ని ఒకట్రెండు నిమిషాలు నడవనిచ్చి అప్పుడు తలుపు తీయండి.

వర్షాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఏడాది పొడుగునా, తేమతో పేచీ ఉంటుంది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదలండి, గన్‌కి ముందు వాటర్ ట్రాప్ పెట్టండి, గ్రిట్ ముద్దగా అనిపిస్తే టార్పాలిన్ మీద పరిచి ఎండబెట్టండి. బ్లాస్ట్ చేసిన ఇనుముని ఒట్టి చేత్తో పట్టుకోకండి, ఆ పూటే ప్రైమర్ కొట్టేయండి, తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

మొదటిసారి కొనేవాళ్లకి రెండు సంచులు చాలు: 80 మెష్ గార్నెట్ ఒకటి, సన్నటి గ్లాస్ బీడ్స్ ఒకటి. హైదరాబాద్‌లో రాణిగంజ్, బాలానగర్ వైపు, విజయవాడలో ఆటోనగర్‌లో అడగండి. రెండింటినీ ఎప్పుడూ కలపకండి. విడి బకెట్లలో పేరు రాసి పెట్టుకోండి, మార్చేటప్పుడు క్యాబినెట్ మూలలతో సహా వాక్యూమ్ చేయండి. బీడ్స్‌లో నాలుగు గార్నెట్ గింజలు కలిసినా అల్యూమినియం మీద గీతలు తేలిపోతాయి. ఇనుముకి వాడిన గ్రిట్‌తో అల్యూమినియం కొట్టకండి, రెండింటి దుమ్మూ కలెక్టర్‌లో కలిసి పేరుకోకుండా సంచి ఖాళీ చేస్తూ ఉండండి, తుప్పు పొడి, అల్యూమినియం పొడి కలిసిన చోట నిప్పురవ్వ పడితే మంట ఆపలేం. గ్రిట్ పోసిన కొత్తలో ఎంత వేగంగా తుప్పు తీసిందో గుర్తుపెట్టుకోండి, ఆ వేగం సగానికి పడి, క్యాబినెట్ లోపల ఎప్పుడూ మబ్బు పట్టినట్టుంటే జల్లించి దుమ్ము తీసేయండి, అప్పటికీ మారకపోతే పారేసి కొత్తది పోయండి. పారేసేది పెయింట్ దుమ్ముతో ఉంటే మొక్కల్లో పోయకుండా సంచిలో మూట కట్టి విడిగా ఉంచండి.