ఏ మతం సత్యమని అడిగేవారికి: మతాలను పోల్చి చదివే ఒక పద్ధతి

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఉదయం శాలిహుండం కొండ ఎక్కి, మధ్యాహ్నం లోపల శ్రీకూర్మం చేరుకోవచ్చు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన శాలిహుండంలో, వంశధారను చూస్తూ నిలిచిన కొండపైన, ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాల అవశేషాలు ఉన్నాయి. శ్రీకూర్మంలో కూర్మనాథుడు నేటికీ నిత్యపూజలు అందుకొంటున్నాడు. సృష్టికర్త ప్రసక్తి లేకుండానే దుఃఖం నుంచి విడుదల సాధ్యమని మొదటి చోట నివసించిన బౌద్ధ భిక్షువులు నమ్మారు. భారమంతా మోసేవాడు భగవంతుడేనని రెండవ చోట నిలబడి చేతులు జోడించేవారు నమ్ముతున్నారు. ఈ రెండూ ఒకే మాట కావు.

మా అప్ప కొడుకు డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఈ రెండు చోట్లకూ వాణ్ణి తీసుకువెళ్ళాను. తిరుగు ప్రయాణంలో వాడు, "మావయ్యా, వీటిలో ఒకటే నిజమైతే మిగిలినవాళ్ళంతా పొరపాటులో పుట్టి పొరపాటులో పోయినట్టేనా?" అని అడిగాడు. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మా అమ్మ చెవిన పడింది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ఆవిడ తల ఎత్తకుండానే, "దేవుడొక్కడే బావూ, దార్లే ఏరు" అన్నది. ఆవిడ మాటలో ఉన్న మంచితనాన్ని నేను గౌరవిస్తాను, కానీ అది పిల్లవాడు అడిగినదానికి సమాధానం కాదు. ఆ తరువాత మేమిద్దరం ఒక నోటుపుస్తకం పెట్టుకొని కొన్నేళ్ళపాటు చదువుకొన్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మాటలను శుభ్రం చేసుకోవాలి

పుస్తకంలో మొదటి నాలుగైదు పుటలను మాటల కోసమే కేటాయించండి. తెలుగులో చదివేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఏమిటంటే, వేర్వేరు మతాలు ఒకే మాటను వాడుతూ వేర్వేరు అర్థాలను ఉద్దేశిస్తాయి. ఉపనిషత్తు చెప్పే 'ఆత్మ' వేరు, బైబిలు తెలుగులో కనిపించే 'పరిశుద్ధాత్మ'లోని ఆత్మ వేరు. మొదటిది నాలోని నేను, రెండవది దేవుడే. బౌద్ధుడు 'కర్మ' అన్నప్పుడు ప్రధానంగా సంకల్పాన్ని ఉద్దేశిస్తాడు, జైనుడు అదే మాటతో జీవునికి అంటుకొనే సూక్ష్మ పదార్థాన్ని చెబుతాడు. క్రైస్తవుల 'రక్షణ', బౌద్ధుల 'నిర్వాణం', అద్వైతుల 'మోక్షం', ముస్లింల 'జన్నత్' అనే నాలుగింటినీ 'ముక్తి' అనే ఒక్క సంచిలో వేస్తే, పోలిక మొదలు కాకముందే ముగిసిపోతుంది. రక్షణలో పాపానికి క్షమాపణ ఉంది, నిర్వాణంలో తృష్ణ ఆరిపోవడం ఉంది. క్షమించేవాడు లేకుండా మొదటిదానికి అర్థం లేదు, రెండవదానికి క్షమించేవాడి అవసరమే లేదు.

'మతం' అనే మాటనే చూడండి. సంస్కృతంలో దానికి అభిప్రాయమని అర్థం. 'అభిమతం', 'సమ్మతం' అనే మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. అందువల్ల మతం అనగానే మన మనసు సిద్ధాంతాల వైపు, గ్రంథాల వైపు వెళుతుంది. కానీ సీతంపేట కొండల్లోని సవర గిరిజనులకు పూర్వం నుంచి వస్తున్న మతానికి గ్రంథం లేదు. గతించిన పెద్దలతో తెగని బంధం, కొత్త పంట నోట పెట్టేముందు చేసే పండుగలు, గోడల మీద గీసే బొమ్మలు దానికి ఆధారం. గ్రంథం ఉన్నదా లేదా అన్నదే కొలమానమైతే వారి మతం మన లెక్కలోకే రాదు, అలా రాకపోవడం మన కొలమానపు లోపమే.

ఎవరిని ఎవరితో పోల్చాలి

మన గిన్నెలోని పాయసాన్ని పక్కవారి గిన్నె అడుగున మాడినదానితో పోల్చడం చాలామంది తెలియకుండానే చేసే అన్యాయం. గ్రంథాన్ని గ్రంథంతో, మహనీయుణ్ణి మహనీయుడితో, మామూలు భక్తుణ్ణి మామూలు భక్తుడితో, మతం పేరున జరిగిన ఘోరాన్ని మతం పేరున జరిగిన ఘోరంతో మాత్రమే పోల్చాలి.

ఏ మతమూ ఒక్క గొంతుతో మాట్లాడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. శ్రీకూర్మం ఆలయంలోనే 1281 నాటి నరహరితీర్థుల శాసనం ఉంది. ఆయన మధ్వాచార్యుల శిష్యుడు. జీవుడూ ఈశ్వరుడూ ఎన్నటికీ వేరేనన్నది ఆ గురువు బోధ. అదే ఆలయానికి రామానుజులు వచ్చారని స్థలపురాణం చెబుతుంది. జీవులూ జగత్తూ ఈశ్వరునికి శరీరమన్నది ఆయన సిద్ధాంతం. శంకరుల అద్వైతంలో ఆ భేదమే చివరికి నిలవదు. కాబట్టి 'హిందూమతం ఇలా చెబుతుంది' అని వాక్యం మొదలుపెట్టే ముందు, ఎవరి హిందూమతమో పక్కన రాసుకోవాలి. సున్నీ, షియా తేడాలకూ, కథోలిక, బాప్టిస్టు తేడాలకూ, థేరవాద, మహాయాన తేడాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

చదవడానికి పెద్ద గ్రంథాలతో మొదలుపెట్టవద్దు. నాలుగు సువార్తలలో చిన్నదైన మార్కు సువార్త, 18 మంత్రాల ఈశావాస్యోపనిషత్తు, గీతలో 2, 9, 12 అధ్యాయాలు, బౌద్ధుల 423 గాథల ధమ్మపదం, ఖురాన్‌లో 112వ సూరా (అధ్యాయం), దాని తరువాత మర్యమ్ పేరున్న 19వ సూరా, సిక్కుల గురుగ్రంథసాహిబ్ ప్రారంభంలోని జప్‌జీ చదివితే మొదటి ఏడాదికి చాలు. ఒక మతాన్ని గురించి దాని విరోధులు రాసిన పుస్తకాన్ని, ఆ మతస్థులు తమ గురించి తాము రాసుకొన్నది చదివిన తరువాతే తెరవాలి.

ఒక్క ప్రశ్నను నాలుగుగా విడదీయండి

'ఏది సత్యం' అన్నది చూడడానికి ఒక ప్రశ్నే అయినా, దానిలో నాలుగు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. మనిషికి ఉన్న అసలు జబ్బు ఏమిటి? దానికి మందు ఏమిటి? ఆ మందు పనిచేయాలంటే ప్రపంచం ఎలా ఉండి తీరాలి? ఈ మాట తెలియనివారి గతి ఏమిటి? ప్రతి మతానికీ ఒక పుట కేటాయించి, ఈ నాలుగింటికీ జవాబులను ఆ మతం మాటల్లోనే రాయండి.

మొదటి ప్రశ్న దగ్గరే ఎంత దూరం ఏర్పడుతుందో రాస్తున్నప్పుడు తెలుస్తుంది. క్రైస్తవానికి జబ్బు పాపం, బౌద్ధానికి తృష్ణ వల్ల కలిగే దుఃఖం, అద్వైతానికి అవిద్య, ఇస్లాంకు దేవుని మరచి ఆయనకు సాటి కల్పించడం, జైనానికి కర్మబంధం. జబ్బులు వేరైనప్పుడు 'మందులన్నీ ఒకటే' అనడం ఏ వైద్యుడూ ఒప్పుకొనే మాట కాదు.

మూడవ ప్రశ్న దగ్గర సూటిగా ఢీకొనే మాటలు దొరుకుతాయి; వాటిని దాచకూడదు. యేసు సిలువపై మరణించి తిరిగి లేచాడన్నది క్రైస్తవానికి ప్రాణం. క్రీస్తు లేపబడకపోతే తమ ప్రకటన వ్యర్థమని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో తొలితరం క్రైస్తవ బోధకుడైన పౌలే చెప్పాడు. ఖురాన్ 4వ సూరా 157వ ఆయత్ (వాక్యం), వారు ఆయనను చంపలేదనీ, సిలువ వేయలేదనీ అంటుంది. అదే ఖురాన్ ఈసాను, అంటే యేసును, కన్యకు పుట్టిన ప్రవక్తగా ఎంతో గౌరవిస్తుంది, కానీ ఆ గౌరవం ఈ భేదాన్ని తుడిచివేయదు. సిలువ మరణం జరిగి ఉండాలి, లేదా జరగక ఉండాలి. ఇది చరిత్రకు అందే ప్రశ్న కనుక, యూదయ గవర్నరు పిలాతు కాలంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వంటి బయటి సాక్ష్యాలను కూడా తూచి చూడవచ్చు. పునరుత్థానాన్ని ఆ త్రాసు తూచలేదు. ఆత్మ ఉన్నదన్న ఉపనిషత్తుకూ, 'నాది' అని పట్టుకోదగిన నిత్యమైన ఆత్మ ఏదీ లేదన్న బుద్ధునికీ మధ్య తీర్పు చెప్పడానికి చరిత్ర సాయం అసలే రాదు. అక్కడ తర్కమూ, లోచూపూ కావాలి. ఏ మాటకు ఏ త్రాసు పనికివస్తుందో పుట అంచున రాసుకోవడం నాకు అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

నాలుగవ ప్రశ్నను పైపైన వదిలేయకండి, ఎందుకంటే మా పిల్లవాడి మనసును నొప్పించినది అదే. ప్రవక్తను పంపకుండా శిక్షించబోమని ఖురాన్ 17వ సూరా 15వ ఆయత్ అంటుంది. మోషే ధర్మశాస్త్రం లేని జనుల హృదయాలలోనే దాని సారం రాసి ఉందని పౌలు రోమీయులకు రాశాడు. 1965లో కథోలిక సంఘం రెండవ వాటికన్ మహాసభలో, ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన దేనినీ తాము తిరస్కరించడం లేదని ప్రకటించింది. పునర్జన్మను నమ్మేవారికి ఒక్క జన్మతో లెక్క ముగియదు. యూదులు తమ ధర్మశాస్త్రం తమకని చెబుతూ, ఇతర జనులకు జలప్రళయం నుంచి బయటపడిన నోవహు సంతతికి చెందిన ఏడు ఆజ్ఞలు చాలునంటారు.

'అన్నీ ఒకటే' అన్న మాటను కూడా పరీక్షించాలి

మన ఊళ్ళలో ఈ మాటకు చాలా బలముంది, దానికి కారణమూ ఉంది. విజయనగరంలో బాబామెట్ట దర్గాకు వచ్చేవారిలో ముస్లింలతో పాటు హిందువులూ కనిపిస్తారు. రామతీర్థంలో రామాలయం ఉండగా, ఆ చుట్టుపట్ల కొండలపైన బౌద్ధ, జైన శిథిలాలున్నాయి. కలిసి బతకడం మనకు అలవాటైన విద్య. అయితే కలిసి బతకగలగడం వేరు, చెప్పేది ఒకటే కావడం వేరు.

ఈ మాటకు సాక్ష్యంగా గీతను చూపేవారు 9వ అధ్యాయం 23వ శ్లోకాన్ని చివరిదాకా చదవాలి. శ్రద్ధతో అన్యదేవతలను కొలిచేవారు కూడా నన్నే కొలుస్తున్నారని చెప్పిన కృష్ణుడు, ఆ వెంటనే 'అవిధిపూర్వకమ్' (విధి ప్రకారం కాకుండా) అన్నాడు. అంటే ఇతరులకు చోటిచ్చాడు గాని, సమానమైన చోటు ఇవ్వలేదు. 'నేనే మార్గమును, సత్యమును, జీవమును' అన్న యోహాను సువార్త వాక్యాన్ని చూపి క్రైస్తవులే ఇలా అంటారని నిందించేవారు, ధమ్మపదం 274వ గాథను కూడా చూడాలి. చూపు శుద్ధి కావడానికి ఇదే మార్గం, వేరొకటి లేదని అక్కడ ఉంది. గుడ్డివారూ ఏనుగూ కథ కూడా మనం అనుకొనేంత సులువైనది కాదు. బౌద్ధుల ఉదానం అనే గ్రంథంలో ఆ కథ వస్తుంది. అక్కడ దాని ఉద్దేశం కొట్లాడుకొంటున్న మతవాదులందరూ సరైనవారేనని చెప్పడం కాదు, వారు ఒక్క భాగాన్నే పట్టుకొని ఉన్నారని చెప్పడం. 'అందరూ గుడ్డివారే' అని చెప్పగలవాడు ఏనుగును పూర్తిగా చూసినవాడై ఉండాలి. ఈ విషయంలో జైనుల అనేకాంతవాదం ఎక్కువ నిజాయితీ గలదని నాకు అనిపిస్తుంది. అది ప్రతి మాటకూ 'ఒక దృష్టిలో' అన్న హద్దు కడుతుంది, అయినా జీవుడు లేడన్న వాదాన్ని మాత్రం ఒప్పుకోదు.

వాదించే తీరు

మన ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివారిని ఖండించడానికే చేసేది వితండ. ఫోన్లలో తిరిగే మతచర్చల వీడియోలలో వాదం చాలా అరుదు, కాబట్టి వాటిని చూసి ఒక మతాన్ని అంచనా వేయకండి. పరమతాన్ని కించపరచేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడనీ, మాటను అదుపులో పెట్టుకోవాలనీ అశోకుడు 12వ శిలాశాసనంలో చెప్పాడు. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడిలో అది ఉంది. మన పొరుగున గంజాం జిల్లాలోని జౌగడలో మాత్రం లేదు. కలింగంలో 11, 12, 13 శాసనాలను వదిలి వాటి స్థానంలో వేరే శాసనాలు చెక్కించారు. ఆ మాట అందవలసిన మన నేలకే అందలేదన్న బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది.

తీర్పు చెప్పుకొనే దశకు వచ్చినప్పుడు మూడింటిని చూడండి: ఆ మతం మాటలు తమలో తాము పొసుగుతున్నాయా, చరిత్రకు అందే చోట నిలుస్తున్నాయా, అది చెప్పే జబ్బు నిజంగా నాలో కనిపిస్తున్నదా. సత్ప్రవర్తన గలవారు అన్ని మతాల్లోనూ ఉన్నారు కనుక, ఫలితం ఒక్కదానితో తీర్పు తేలదు. నేను ఇంట్లో దీపం పెట్టే మనిషిని, ఇంతా చదివిన తరువాత కూడా పెడుతూనే ఉన్నాను. ఒకే మార్గం పరిపూర్ణ సత్యమై ఉండడం అసాధ్యమని మాత్రం ఇప్పుడు అనను. అలా అనడానికి నాకు ఉన్న ఆధారం మర్యాదే తప్ప తర్కం కాదని గ్రహించాను.

చివరి పని ఒకటి ఉంది, దాన్ని మానవద్దు. ఒక మతం గురించి మీరు రాసిన పుటను ఆ మతస్థుడికి చదివి వినిపించి, 'మేము చెప్పేది ఇదే' అని ఆయన అనేదాకా దిద్దండి. క్రైస్తవాన్ని గురించి మేము రాసిన పుటను ఒక పాస్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన కళ్ళజోడు సవరించుకొని రెండుసార్లు చదివి, 'మంచి పనులు చేసి రక్షణ పొందాలి' అన్న వాక్యాన్ని కొట్టివేసి, 'రక్షణ పొందినందున మంచి పనులు చేయాలి' అని పెన్సిలుతో రాశారు. ఆ ఒక్క దిద్దుబాటుతో మా రెండవ ప్రశ్నకు రాసుకొన్న జవాబంతా మారిపోయింది. మా వాడు ఆ రాత్రే కూర్చుని ఆ పుటను మళ్ళీ మొదటి నుంచి రాశాడు.