ఫిలిప్పీన్స్ స్నేహితులకు దూరాన క్రిస్మస్ దిగులా? ఇలా చేసి చూడండి

దుబాయ్‌లో మీతో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లు డిసెంబరులో ముభావంగా ఉంటే ఊరికే వదిలేయకండి. వాళ్ల ఊళ్లో సెప్టెంబరు నుంచే పండగ కళ. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే చర్చికి వెళ్తారు, దాన్ని సింబాంగ్ గబి అంటారు. 24 అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని తినే విందు నోచె బుయేనా. దూరాన ఉన్నవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ దిగులు పడేది ఆ ఘడియకే.

మనీలా టైము దుబాయ్ కన్నా నాలుగు గంటలు ముందు. అంటే అక్కడి అర్ధరాత్రి మనకు రాత్రి 8. వీలైతే ఆ పూట డ్యూటీ మీరు తీసుకోండి. ఇంటివాళ్లతో వీడియో కాల్‌లో కలిసి తింటారు. బహుమతికన్నా ఇదే పెద్ద సాయం, నా మాట నమ్మండి.

తినడానికి బిబింగ్కా అనే వాళ్ల బియ్యప్పిండి కేకు చేయండి. కప్పు బియ్యప్పిండి, కప్పు కొబ్బరిపాలు, రెండు గుడ్లు, అరకప్పు పంచదార, చెంచాన్నర బేకింగ్ పౌడర్, కాస్త కరిగించిన వెన్న, చిటికెడు ఉప్పు కలపండి. అరటాకును సెగకు చూపిస్తే మెత్తబడి చిరగదు. దాన్ని గిన్నెలో పరిచి పిండి పోసి, ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. వేడిగా ఉండగానే పైన వెన్న రాసి, పచ్చికొబ్బరి తురుము చల్లండి. ఆకు కమ్మదనమే దీనికి ప్రాణం, కాగితం వేసి సరిపెట్టకండి.

కిటికీకి ఒక నక్షత్రం ఆకారపు లాంతరు కట్టండి. వాళ్లు దాన్ని పరోల్ అంటారు.